అక్షరదోషాలు, అర్థదోషాలు



ముప్పయి యేళ్ళకు పైగా పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన తెలుగు పండితునికి ఉద్యోగ విరమణ తరువాత కూడ ఒక జాడ్యం మిగిలిపోతుంది. చేతికి ఏ కాగితం వచ్చినా ఎర్రకలం కోసం జేబు తడుముకోవడం. పెళ్ళి శుభలేఖ కానీయండి, మిఠాయి పొట్లం కట్టిన పాత పత్రిక కానీయండి, థకారం ఉండవలసిన చోట ధకారం కనబడితే నా ప్రాణం ఊరుకోదు.

2023 నవంబరు 29 ఉదయం. తెల్లవారితే తెలంగాణ శాసనసభకు పోలింగు. ఎర్రమంజిల్‌లోని మా ఇంటి వసారాలో కూర్చుని ఆనాటి దినపత్రిక తెరిస్తే, మొదటి వార్త కంటపడడానికి ముందు పార్టీల ప్రకటనల పుటలు కొన్ని తిప్పవలసి వచ్చింది. అలవాటు చొప్పున ఎర్రకలంతోనే చదివాను. మా ఇంటావిడ కాఫీ తెచ్చి, "ఎన్ని తప్పులు దొరికాయేమిటి?" అని అడిగింది.

"అక్షరదోషాలు మూడు" అన్నాను.

"మరి అర్థదోషాలో?" అన్నది.

పరిహాసానికే అన్నది. మన ఆలంకారికులు కావ్యదోషాలను శబ్దదోషాలనీ అర్థదోషాలనీ విభజించిన సంగతి నాతో కాపురం చేసిన పాపానికి ఆమెకూ వంటబట్టింది. కాని ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఎందుకో చెప్పాలంటే ఇరవై యేళ్ళ నాటి నా తప్పు ఒకటి విప్పి చెప్పవలసి ఉంటుంది. ఇన్నాళ్ళూ వ్రాయలేదు. ఇవాళ వ్రాస్తున్నాను.

2002లో హైదరాబాదు నగరపాలక ఎన్నికలు జరిగినప్పటి మాట. పంజగుట్ట దగ్గర ఒక సందులో చిన్న ముద్రణాలయం ఉండేది. బడి విడిచాక అక్కడ ప్రూఫులు దిద్దేవాణ్ణి. పుటకు పది రూపాయలు. శుభలేఖలు, దేవాలయాల ఆహ్వానాలు, అప్పుడప్పుడు ఎవరో కవిగారి శతకం. ఎన్నికల రోజుల్లో కరపత్రాలు వచ్చేవి. ఏ పార్టీవైనా నాకొకటే. నేను చూసేది సంధులు, విభక్తులు, ఒత్తులు మాత్రమే గదా అని సమాధానం చెప్పుకొనేవాణ్ణి.

ఒకనాటి సాయంత్రం వచ్చిన కరపత్రం మా వార్డులో పోటీ చేస్తున్న ఒకాయనను గూర్చి. ఆయన మా పాఠశాల ఆటస్థలంలో రెండు వందల గజాలు కబ్జా చేశాడని అందులో ఉన్నది. అది అబద్ధమని నాకు తెలుసు. మురుగుకాలువ పని కోసం ప్రహరీగోడ లోపలికి జరిపితే ఆ స్థలం వెలుపల పడింది. ఆ సంగతి మా ఉపాధ్యాయులందరం ఎరిగినదే. ఆయనకు దానితో ఏ సంబంధమూ లేదు. కాగితం చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగాను. తరువాత 'విద్యార్ధుల' అని ఉన్నచోట 'విద్యార్థుల' అని దిద్దాను. 'స్ధలం'ను 'స్థలం' చేశాను. ఇరవై రూపాయలు తీసుకుని ఇంటికి వచ్చాను. కరపత్రం అడుగున ముద్రాపకుని పేరు లేకపోవడం కూడ చూశాను. అదీ నా పని కాదనుకున్నాను.

రెండు రోజుల తరువాత తొమ్మిదవ తరగతిలో పాఠం ముగించి బయటికి వస్తుంటే ఒక విద్యార్థి ఆ కరపత్రం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కొడుకే.

"సార్, గిదాంట్ల థలన్నీ కరెక్టుగున్నయ్ సార్" అన్నాడు.

అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. అర్ధమంటే సగమనీ అర్థమంటే భావమనీ ఏడాది పొడుగునా ఆ తరగతిలో నూరిపోసినవాణ్ణి నేనే. ఆ చుట్టుపక్కల థకారం సరిగా పడిన కరపత్రం అదొక్కటే అయి ఉంటుంది. నేను జవాబు చెప్పలేదు. వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న ఆ ఎన్నికలో ఓడిపోయాడు. కరపత్రం వల్లనే ఓడాడని నేననలేను. వల్ల కాదనీ అనలేను.

ఆ తరువాత ఎన్నికల చట్టాలను కొంత చదివాను. చదివిన కొద్దీ నాకు అర్థమైనది ఇదీ: మన చట్టం కూడ నా వంటి ప్రూఫురీడరే. కాగితం మీద అన్నీ చూస్తుంది. అందులో వ్రాసినది నిజమా అని మాత్రం అడగదు.

మన ఊరి ఉదాహరణతోనే మొదలుపెడతాను. ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కితే పంజగుట్ట దాటగానే అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో శిక్షణ కేంద్రాల కరపత్రాలు పుచ్చుకోకుండా నాలుగు అడుగులు వేయడం కష్టం. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగు కేంద్రాల ప్రకటనలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఉద్యోగం ఖాయమనీ ర్యాంకు తథ్యమనీ బొంకరాదు. ఎంపికైన అభ్యర్థి ఫొటో అతని అనుమతి లేకుండా వేసుకోరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. సబ్బుకూ, తలనూనెకూ, కంప్యూటరు కోర్సుకూ ఇంత కట్టడి ఉన్నది. అయిదేళ్ళు మనలను పాలించేవారిని ఎన్నుకొమ్మని చెప్పే ప్రకటనకు మాత్రం ఈ చట్టం వర్తించదు. వోటరు వినియోగదారుడు కాడు గదా! వాణిజ్య ప్రకటనల మంచిచెడ్డలు చూడడానికి 1985లో ఏర్పడిన ప్రకటనల ప్రమాణాల మండలి కూడ రాజకీయ ప్రకటనలను తన పరిధిలోకి తీసుకోదు.

ఈ చరిత్రలో మన హైదరాబాదుకు ఒక పెద్ద పాత్ర ఉన్నది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలలో ఏడవ నియమం రాజకీయ ప్రయోజనం గల ప్రకటనలను టీవీలో పూర్తిగా నిషేధించింది. 2004 ఎన్నికల ముందు జెమిని టీవీ తదితరులు దీనిని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సవాలు చేశారు. 2004 మార్చి 23న హైకోర్టు ఆ నిషేధాన్ని పక్కన పెట్టింది. వాక్స్వాతంత్ర్యాన్ని అంత గంపగుత్తగా అడ్డుకోరాదన్నది దాని సారాంశం. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు మధ్యేమార్గం చూపింది: ప్రకటనలు వేసుకోవచ్చు, కాని ముందుగా ఎన్నికల సంఘం నియమించిన అధికారికి చూపి ధ్రువపత్రం పొందాలి. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు, ఇతరులు ఏడు రోజుల ముందు దరఖాస్తు చేయాలి. తయారీ ఖర్చెంత, ప్రసారానికి ఖర్చెంత, ఎవరి ప్రయోజనం కోసం, అన్నీ చెప్పాలి. సొమ్ము చెక్కు ద్వారా గాని డ్రాఫ్టు ద్వారా గాని చెల్లించాలి. మరి రెండు వారాలు తిరగకుండానే, ఏప్రిల్ 20, 26 తేదీలలో, మన రాష్ట్రంలో పోలింగు జరిగింది.

నేటికీ దేశమంతటా ఈ పద్ధతే. 2013లో సామాజిక మాధ్యమాలలోని ప్రకటనలనూ ఇందులో చేర్చారు. పోలింగు నాడు, అంతకు ముందునాడు పత్రికలలో వచ్చే ప్రకటనలకూ ఇప్పుడు ముందస్తు ధ్రువపత్రం కావాలి. అంటే ఆనాటి ఉదయం నేను ఎర్రకలంతో దిద్దిన పుటలను నాకంటె ముందు ఒక అధికారుల సంఘం దిద్దే ఉంటుంది.

ఆ సంఘం ఏమేమి చూస్తుంది? మతాలను, కులాలను కించపరచడం, అశ్లీలత, హింసకు ప్రేరేపణ, కోర్టు ధిక్కారం, దేశ సమైక్యతకు భంగం, వ్యక్తులపై దాడి. ఇవన్నీ చూడవలసినవే. కాని 'ఈ ప్రకటనలోని అంకె సరియైనదేనా? ఈ పని నిజంగా జరిగిందా?' అని ఆరా తీయవలసిన బాధ్యత చట్టం దాని మీద పెట్టలేదు. ధ్రువపత్రమనే మాటకు సామాన్యుడు చెప్పుకొనే అర్థం వేరు, ఇక్కడి అర్థం వేరు.

మరి అబద్ధానికి శిక్షే లేదా అంటే, ఉన్నది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 123వ సెక్షను నాలుగవ ఉపవిభాగం ప్రకారం ఒక అభ్యర్థి వ్యక్తిగత శీలాన్ని, నడవడిని గూర్చి అసత్యమని తెలిసి ప్రచురించడం అవినీతి చర్య. నిరూపితమైతే గెలిచినవాని ఎన్నిక రద్దు కావచ్చు. పాత శిక్షాస్మృతిలో 171-జీ, 2024 జూలై నుండి భారతీయ న్యాయ సంహితలో 175వ సెక్షను, అదే అబద్ధానికి జరిమానా విధిస్తాయి. 127-ఏ సెక్షను శాసనసభ, లోక్‌సభ ఎన్నికల కరపత్రాల మీద ముద్రాపకుని పేరు, చిరునామా ఉండాలంటుంది. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల వరకు జరిమానా.

ఇక్కడ రెండు లొసుగులు గమనించండి. మొదటిది, ఈ సెక్షన్లు పట్టుకొనేది అభ్యర్థి వ్యక్తిగత శీలాన్ని గూర్చిన అబద్ధాన్ని మాత్రమే. ఒక పథకాన్ని గూర్చి, ఒక చట్టాన్ని గూర్చి, ఖజానాను గూర్చి, ఎదుటి పార్టీ విధానాన్ని గూర్చి ఎంత అబద్ధమాడినా అది ఇందులోకి రాదు. ఆదర్శ ప్రవర్తనా నియమావళిలో మాత్రం 'నిర్ధారణ కాని ఆరోపణలతో, వక్రీకరణలతో విమర్శించరాదు' అనే భావం ఉన్నది. కాని ఆ నియమావళికి స్వతహాగా చట్టబలం లేదు.

రెండవది కాలం. ఎన్నికను ప్రశ్నించే పిటిషను వేయవలసింది గెలుపు ప్రకటించిన తరువాత, నలభై అయిదు రోజులలోగా. ఆ పిమ్మట విచారణ. 'నిజం నిలకడ మీద తెలుస్తుంది' అని మన పెద్దల మాట. బడిలో ఎన్నోసార్లు బోర్డు మీద వ్రాయించాను. ఎన్నికలకు ఉండనిదే ఆ నిలకడ. పోలింగుకు ముందునాడు పుట్టిన అబద్ధానికి ఒక్క రోజు ఆయుర్దాయం చాలు. నిజం నిదానంగా బయలుదేరి వచ్చేసరికి ప్రమాణ స్వీకారాలు కూడ అయిపోతాయి.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో జ్ఞాపకం చేసుకోండి. భూహక్కుల చట్టం, అందరి నోటా ల్యాండ్ టైటిలింగ్ చట్టం. దీనివల్ల రైతు భూమికి ముప్పు వస్తుందని విపక్షం ప్రచారం చేసింది. అది పచ్చి అబద్ధమని నాటి పాలకపక్షం అన్నది. ఫిర్యాదులు ఎన్నికల సంఘానికి వెళ్ళాయి, రాష్ట్ర సీఐడీ కేసు నమోదు చేసింది. మే 13న పోలింగు ముగిసింది. ప్రభుత్వం మారింది. జూలైలో ఆ చట్టమే రద్దయింది. ఎవరి మాట నిజమో నేనిక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. నా బాధ వేరు. ఆ చట్టంలో ఫలానా మాట ఉన్నదా లేదా అన్నది చదివి చెప్పగలిగిన సంగతి. ఉభయపక్షాలకూ చెందని ఒక పెద్దమనిషి పోలింగుకు ముందే, 'ఇంతవరకు చట్టంలో ఉన్నది, ఇక్కడి నుండి వీరి అభిప్రాయం' అని రైతుకు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఆ పని చేసేవారు మన వ్యవస్థలో లేరు. పోలీసు కేసు ఆ పనికి పనికిరాదు.

మిత్రులలో కొందరికి ఇప్పటికే సందేహం వచ్చి ఉంటుంది. ఏది నిజమో తేల్చేదెవరు? ఆ అధికారం ప్రభుత్వం చేతిలో పెడితే విమర్శకుల నోరు మూతపడదా? ఇది తేలికగా తీసివేయగల ప్రశ్న కాదు. అమెరికాలో ఒహైయో రాష్ట్రానికి అటువంటి చట్టం ఉండేది, జైలుశిక్షతో సహా. 2016లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు వాక్స్వాతంత్ర్యానికి విరుద్ధమని దానిని కొట్టివేసింది.

కాని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 1985 నాటి తన ఎన్నికల చట్టంలో 113వ సెక్షను పెట్టుకుని నేటికీ నడుపుకుంటున్నది. అక్కడ గీత చాలా సన్నగా గీశారు. వాస్తవంగా చెప్పిన మాట, చెప్పుకోదగినంత మేర తప్పై, తప్పుదారి పట్టించేదై ఉంటేనే చట్టం కదులుతుంది. అభిప్రాయం జోలికి పోదు. ఎన్నికల కమిషనరు ఆ ప్రకటనను ఉపసంహరించమని, సవరణ ప్రచురించమని అడుగుతారు. వినకపోతే న్యాయస్థానం ఉన్నది. 2020లో కాన్‌బెరా నగరమున్న రాజధాని ప్రాంతం కూడ ఇదే దారి పట్టింది.

వాస్తవం వేరు, అభిప్రాయం వేరు, వాగ్దానం వేరు. ఇది తెలుగు పండితునికి కొత్తగా నేర్పవలసిన పాఠం కాదు. క్రియాపదం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. 'చేశాము' అన్నది వాస్తవం, రుజువు అడగవచ్చు. 'వారు చేతకానివారు' అన్నది అభిప్రాయం, వదిలివేయాలి. 'చేస్తాము' అన్నది వాగ్దానం. ఎన్నికల ప్రణాళికలోని వాగ్దానం అవినీతి చర్య కాదని 2013లో సుబ్రమణియం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు ఆదేశంతోనే ప్రణాళికలకు ఎన్నికల సంఘం మార్గదర్శకాలు చేసింది. కాబట్టి భవిష్యత్కాలాన్ని వోటరుకే వదిలిపెడదాం. నేనడిగేది భూతకాలాన్ని గూర్చి మాత్రమే.

అర్ధసత్యాల సంగతి ఏమిటంటారా? ధర్మరాజు కథ ఎరుగని తెలుగువారు లేరు. ఏనుగు మాట మెల్లగా అన్నాడు, ద్రోణుడు విల్లు వదిలాడు. ఆ క్షణం దాకా నేలకు నాలుగంగుళాల పైన నడిచిన రథం నేలకు దిగింది. ప్రకటన అడుగున చీమలబారులా అచ్చువేసే షరతులు ఆ మెల్లగా అన్న మాట వంటివే. వామన చరిత్రలో శుక్రాచార్యుడు ఏయే సందర్భాలలో బొంకితే దోషం లేదో బలికి ఒక పట్టీ చెబుతాడు. ఎంత వెదికినా ఆ పట్టీలో ఎన్నికలు లేవు. ఉన్న మినహాయింపును కూడ బలి వాడుకోలేదు.

నాబోటివాడు చట్టం వ్రాయబోతే నవ్విపోతారు గాని, నాలుగు సూత్రాలు మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఒకటి, వాస్తవంగా చెప్పిన ప్రతి మాటకు ఆధారం ధ్రువపత్రం దరఖాస్తుతోనే జతచేయాలి, అది ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. రెండు, ఫిర్యాదును తేల్చేవారు పోలీసులు, ప్రభుత్వోద్యోగులు కారాదు. హైకోర్టు పర్యవేక్షణలో విశ్రాంత న్యాయమూర్తులుంటే మేలు. మూడు, తీర్పు రోజులలో కాదు, గంటలలో రావాలి. ఇది అసాధ్యమనకండి. కృత్రిమ మేధతో చేసిన బూటకపు వీడియోలను తమ దృష్టికి వచ్చిన మూడు గంటలలో తొలగించాలని 2024 మే 6న ఎన్నికల సంఘమే పార్టీలను ఆదేశించింది. నాలుగు, శిక్ష జైలు కారాదు. అబద్ధం అచ్చయిన చోటనే, అంత పెద్ద అక్షరాలతోనే, సవరణ అచ్చు కావాలి. పిల్లవాడు తప్పు వ్రాస్తే నేను కొట్టలేదు, అదే పదాన్ని పదిసార్లు వ్రాయించాను. ఆ పద్ధతి మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంతకూ ఆ కరపత్రం కథకు ముగింపు ఉన్నది. ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఒకసారి పంజగుట్టలో బస్సు కోసం నిలబడి ఉండగా ఆ పెద్దమనిషి ఎదురయ్యాడు. తల నెరిసింది. రెండు చేతులూ జోడించి, "నమస్తే సార్, మా పోరనికి మంచి తెలుగు నేర్పిన్రు" అన్నాడు. కొడుకు ఉద్యోగం సంగతి చెప్పాడు. మాటల మధ్య తనే నవ్వుతూ అన్నాడు: "ఇప్పటికీ ఎవలో ఒకలు అడుగుతరు సార్, గా స్కూలు జాగ ఏమైందని."

బస్సు వచ్చింది. ఆయన నన్ను ముందు ఎక్కించాడు. చెప్పవలసిన మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

ఆయన కొడుకు తండ్రికి నా పేరు చెప్పలేదని ఆ నమస్కారం చూశాక తెలిసింది. తొమ్మిదవ తరగతి కుర్రవాడు నా పరువు కాపాడాడు. వాళ్ళ నాన్న పరువు కాపాడగలిగి ఉండి నేను కాపాడలేదు. ఈ నెలలోనే వాళ్ళ ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పి వద్దామని నిశ్చయించుకున్నాను. ఇక్కడ ముందు వ్రాసింది, మళ్ళీ వెనకాడకుండా ఉండడానికే.

ఉంటాను.